మతిమరుపు ఉన్న పెద్దవాళ్లను ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే

హైదరాబాద్‌లో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, వాటి వెంటే వైరల్ జ్వరాలు, డెంగీ. తడి గచ్చు మీద జారిపడటాలు సరేసరి. ఇంట్లో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న అమ్మో నాన్నో ఉంటే ఆసుపత్రి అవసరం రాకముందే సిద్ధంగా ఉండండి.

ముందు ఒక కాగితం రాసి పెట్టుకోండి. ఏమని పిలిస్తే పలుకుతారు, తెలుగులో మాట్లాడాలా ఉర్దూలోనా, రాత్రి లైటు ఉండాలా, బాత్రూమ్‌కు వెళ్లాలంటే నోటితో చెబుతారా, ఊరికే కొంగు లాగుతుంటారా. అది సిస్టర్‌కు ఇవ్వండి, ఆయమ్మకు చదివి వినిపించండి. నైట్ డ్యూటీ వాళ్లకు మళ్లీ చెప్పండి.

పని తెలిసిన సిబ్బందికి ఆ కాగితం ఎంతో ఉపయోగం. పెద్దాయన "ఆఫీసుకు టైమైంది" అంటూ మంచం దిగుతుంటే, మీరు ఎప్పుడో రిటైరయ్యారని వాళ్లు వాదించరు. ఎదురుగా వచ్చి, "ఏ ఆఫీసు సార్?" అని మాట కలుపుతూ బాత్రూమ్ వైపు నడిపిస్తారు. ఆ తొందర ఒక్కోసారి మూత్రానిది. స్నానం చేయిస్తుంటే అరిస్తే మొండితనం అనుకోరు, నొప్పి ఉందేమోనని ముఖం, ఊపిరి, బిగించిన పిడికిలి చూస్తారు. ఇంత నేర్పున్న పనికి తగిన జీతం, గౌరవం దక్కడం లేదన్నది నా బాధ.

గందరగోళం ఒక్కసారిగా పెరిగినా, ఉన్నట్టుండి మగతగా అయిపోయినా "వయసు కదా" అని వదిలేయకండి. అది డెలీరియం, అంటే ఒంట్లో మరేదో సమస్య వల్ల ఉన్నట్టుండి వచ్చే అయోమయం కావచ్చు. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, కొత్త మందు, ఏదైనా కారణం కావచ్చు. మగతగా పడుకునేవాళ్లు ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి వాళ్లనే ఎక్కువగా గమనించకుండా వదిలేస్తారు. "నిన్న ఇలా లేరు" అని డాక్టర్‌కు గట్టిగా చెప్పాల్సింది మీరే.

కళ్లద్దాలు, వినికిడి మిషన్, దాని బ్యాటరీలు, పళ్లసెట్టు తప్పక తీసుకెళ్లండి. వాడే మందులన్నీ చూపించండి, షాపులో కొన్న జలుబు మాత్రలతో సహా. కొన్ని అలర్జీ, నిద్ర మందులు తికమక పెంచుతాయి. డిమెన్షియాలో లెవీ బాడీ అనే రకం అయితే, ఆందోళన తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు ప్రమాదం; ఆ సంగతి కేస్ షీటులో రాయించండి. బంగారం ఇంట్లోనే ఉంచండి.

సెలైన్ సూది పీకేస్తున్నారని చేతులు కట్టేయబోతే, సూది కనబడకుండా బ్యాండేజీ చుట్టమని అడగండి. కట్టేస్తే ఆందోళన ఇంకా పెరుగుతుంది. చాలామందికి సాయంత్రమే టెన్షన్ ఎక్కువ. ఆ వేళకు తెలిసిన మనిషి ఒకరు పక్కనుండేలా ఇంట్లోవాళ్లు వంతులు వేసుకోండి. చుట్టాలందరూ ఒకేసారి మంచం చుట్టూ చేరొద్దు.