నవజాత శిశువుకు గుండె ఎకో: ఏ వరుసలో చూడాలి

పుట్టిన ప్రతి 1000 మంది శిశువుల్లో సుమారు 8 నుంచి 10 మందికి గుండెలోనో, దాని పెద్ద రక్తనాళాల్లోనో పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుంది. అందరికీ ఎకో (గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే పరీక్ష) అక్కర్లేదు. పుట్టి 24 గంటలు దాటాక కుడి చేతికి, ఒక పాదానికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టినప్పుడు ఆక్సిజన్ 90 శాతం లోపు ఉంటే వెంటనే ఎకో చేయాలి. 95కు చేరకపోయినా, చేతికీ పాదానికీ 3 శాతానికి మించి తేడా ఉన్నా, మళ్లీ కొలిచాక కూడా అలాగే ఉంటే చేయాలి. తొడ దగ్గర నాడి అందని శిశువుకు ఈ అంకెలు బాగున్నా ఎకో తప్పదు.

శిశువు పాలు తాగి నిద్రపోతున్న వేళ మంచిది. జెల్‌ను ముందే వెచ్చబెట్టాలి. చల్లగా తగిలితే శిశువు ఏడుస్తుంది, ఏడుస్తున్న శిశువు డాప్లర్ (రక్త ప్రవాహ వేగం) కొలతలను నమ్మలేము. 8 నుంచి 12 మెగాహెర్ట్జ్ ప్రోబ్ (చర్మానికి ఆనించే పరికరం) సరిపోతుంది.

పరీక్షను రొమ్ము ఎముక కింద, పొట్ట పైభాగం నుంచి మొదలుపెట్టాలి. ప్రోబ్‌ను అడ్డంగా ఉంచితే వెన్నెముకకు ఎడమ పక్కన బృహద్ధమని, కుడి పక్కన అధోమహాసిర (శరీరం కింది భాగం నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర) కనిపించాలి. అక్కడి నుంచి ప్రోబ్‌ను తల వైపు వంచుతూ కర్ణికలను, జఠరికలను, వాటి మధ్య గోడలను, కవాటాలను చూడాలి. జఠరికల నుంచి బయలుదేరే రెండు ధమనులు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోవాలి. అవి సమాంతరంగా సాగుతూ, ఎడమ జఠరిక నుంచి వచ్చినది కొద్ది దూరంలోనే రెండుగా చీలుతుంటే, అది బృహద్ధమని కాదు, పుపుస ధమని (ఊపిరితిత్తులకు పోయేది). అంటే ధమనులు తారుమారయ్యాయన్నమాట.

గోడలో చిన్న రంధ్రం దొరకగానే పరీక్ష ముగించడం చాలామందికి అలవాటు. అసలు ప్రమాదం తరచూ మిగిలిన రెండు చోట్ల ఉంటుంది. ఒకటి, పుపుస సిరలు: వాటిలో ప్రవాహం నెమ్మది కనుక కలర్ డాప్లర్ వేగపరిమితిని తగ్గించి, నాలుగూ ఎడమ కర్ణికలోకే చేరుతున్నాయో లేదో ఒక్కొక్కటిగా చూడాలి. రెండు, బృహద్ధమని వంపు: భుజాల కింద గుడ్డ మడత పెట్టి, మెడను కాస్త వెనక్కి వాల్చి, రొమ్ము ఎముక పై గుంటలో ప్రోబ్ ఉంచి చూడాలి. డక్టస్ ఆర్టీరియోసస్ (పుట్టకముందు నుంచి పుపుస ధమనిని బృహద్ధమనితో కలిపే నాళం) తెరిచి ఉన్నంతకాలం వంపులోని ఇరుకు దాగి ఉండవచ్చు; అనుమానం ఉంటే అది మూసుకున్నాక మళ్లీ చూడాలి. తొలి రోజుల్లో డక్టస్ తెరిచి ఉండటం, కర్ణికల మధ్య చిన్న సందు ఉండటం మామూలే కనుక తల్లిదండ్రులను కంగారు పెట్టకూడదు.

శిశువు నీలమెక్కినా, షాక్‌లోకి జారుతున్నా, డక్టస్ మీదే ఆధారపడ్డ లోపమని అనుమానిస్తే, పూర్తి ఎకో కోసం ఆగకుండా పిల్లల గుండె వైద్యులతో మాట్లాడి డక్టస్‌ను తెరిచి ఉంచే మందు ప్రోస్టాగ్లాండిన్ ఇ1 మొదలుపెట్టాలి. ఈ మందుతో ఊపిరి ఆగిపోయే అవకాశం ఉంది కనుక శ్వాస ఇచ్చే ఏర్పాటు పక్కనే ఉండాలి. ఇక సిరలు గానీ వంపు గానీ స్పష్టంగా కనిపించని పక్షంలో రిపోర్టులో "నార్మల్" అని కాక, ఏది కనిపించలేదో అదే రాయాలి.