పేజీ వెనకున్న కోడ్ చూడటం ఎలా: కంట్రోల్ యు వేరు, ఇన్‌స్పెక్ట్ వేరు

చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. బ్రౌజర్‌లో కంట్రోల్ యు కొడితే సర్వర్ నుంచి వచ్చిన కోడ్, అంటే సోర్స్, ఉన్నదున్నట్టు కనిపిస్తుంది, రైట్ క్లిక్ చేస్తే వచ్చే ఇన్‌స్పెక్ట్‌లో కనిపించేది జావాస్క్రిప్ట్ (పేజీని బ్రౌజర్‌లోనే మార్చే ప్రోగ్రామ్) రన్ అయ్యాక ఇప్పుడు పేజీ ఎలా ఉందో అది. అందుకే రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో చేసిన సైట్లలో చాలావాటికి కంట్రోల్ యు కొడితే ఒక ఖాళీ డివ్ (డబ్బా లాంటి ట్యాగ్), నాలుగు స్క్రిప్ట్ లైన్లు తప్ప ఏమీ ఉండదు, అక్కడ ఇన్‌స్పెక్టే దిక్కు.

ముందు తెలుగు వికీపీడియాలో ఏదో ఒక పేజీ తెరిచి కంట్రోల్ యు కొట్టండి, మ్యాక్‌లో క్రోమ్ అయితే ఆప్షన్, కమాండ్, యు మూడూ కలిపి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ అయితే అడ్రస్‌కి ముందు ఇంగ్లీషులో వ్యూ, హైఫన్, సోర్స్, కోలన్ గ్యాప్ లేకుండా టైప్ చేస్తే చాలు. వచ్చిందంతా చదవక్కర్లేదు, కంట్రోల్ ఎఫ్‌తో కావాల్సింది వెతుక్కోండి. పైనే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో లాంగ్ (ఎల్, ఏ, ఎన్, జీ) పక్కన కోట్స్‌లో టీ, ఈ అనే రెండక్షరాలు ఉంటాయి, పేజీ తెలుగులో ఉందని బ్రౌజర్‌కి చెప్పేది అదే, చూపులేనివాళ్ళకి పేజీని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఏ భాషలో చదవాలో తేల్చుకునేదీ దాన్ని బట్టే. తెలుగులో సైట్ నడిపేవాళ్ళు దయచేసి ఇదొక్కటి చెక్ చేసుకోండి, థీమ్‌తో (సైట్‌కి వాడే రెడీమేడ్ డిజైన్‌తో) వచ్చిన ఇంగ్లీష్ భాష కోడ్ అక్కడ అలాగే ఉండిపోతే వాళ్ళకి చాలా ఇబ్బంది.

సోర్స్ చూడటం తప్పేం కాదు, బ్రౌజర్ ఎలాగూ దాన్ని మన మెషీన్‌లోకి తెచ్చేసుకుంది. 2021లో అమెరికాలోని మిస్సోరిలో టీచర్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లు (మన ఆధార్ లాంటివి) ప్రభుత్వ సైట్ సోర్స్‌లోనే దొరుకుతున్నాయని ఒక విలేకరి బయటపెడితే అప్పటి గవర్నర్ మైక్ పార్సన్ దాన్ని హ్యాకింగ్ అన్నారు, 2022లో ప్రాసిక్యూటర్ కేసు పెట్టట్లేదని చెప్పేశారు. కాబట్టి మీ సైట్ సోర్స్‌లో పాస్‌వర్డ్‌లు, సీక్రెట్ కీలు ఏమన్నా ఉన్నాయేమో ఒకసారి వెతకండి.

ఇప్పుడు ఇన్‌స్పెక్ట్. ఏదైనా తెలుగు వాక్యం మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కండి. కంప్యూటెడ్ ట్యాబ్‌లో అట్టడుగుకి వెళ్తే రెండర్డ్ ఫాంట్స్ అని ఉంటుంది. స్టైల్‌లో రోబోటో అని రాసున్నా అందులో తెలుగు అక్షరాలు లేవు కాబట్టి సిస్టమ్‌లో ఉన్న ఇంకో ఫాంట్ వచ్చేస్తుంది, విండోస్‌లో అయితే నిర్మలా యూఐ లాంటిది. ఒత్తులు వంకరగా కనిపిస్తున్నాయి అంటే ముందు చూడాల్సింది ఇక్కడే.

ఇన్‌స్పెక్ట్‌లో కనిపించే కోడ్‌లోని అక్షరాల మీద డబుల్ క్లిక్ చేసి మార్చొచ్చు కూడా, మారేది మీ స్క్రీన్ మీద మాత్రమే, రిఫ్రెష్ చేస్తే పోతుంది. కానీ స్క్రీన్‌షాట్‌లో ఆ తేడా తెలీదు, అందుకే షాపువాళ్ళూ, డబ్బులు పంపామని ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపితే నమ్మకుండా మీ అకౌంట్‌లో చూసుకోండి.

ఇన్‌స్పెక్ట్‌లోనే ఉండే, కోడ్ టైప్ చేసి నడిపే కన్సోల్ ట్యాబ్ ఒక్కదానితో మాత్రం జాగ్రత్త. ఈ కోడ్ పేస్ట్ చెయ్, ఫలానా పని అయిపోతుంది అని ఎవరైనా పంపితే చెయ్యకండి, లాగిన్ అయి ఉన్న మీ అకౌంటే వాళ్ళ చేతికి పోవచ్చు. క్రోమ్ కూడా అక్కడ వార్నింగ్ ఇచ్చి, పేస్ట్ చెయ్యాలంటే అలౌ పేస్టింగ్ అని టైప్ చెయ్యమంటుంది, అది టైప్ చెయ్యకుండా క్లోజ్ చేసెయ్యండి.