ఎర్ర కాంతి, పంటి మూలకణాలు – 3వ పాఠం: డోసు లెక్క

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల బయోటెక్, డెంటల్ చదివే పిల్లలు పంటి మూలకణాలకు (వేరే రకం కణాలుగా మారగల కణాలకు) ఎర్ర కాంతి ఇచ్చి ఎముక కణాలుగా మార్చే పరిశోధన సంగతి ఎత్తగానే అడిగేది ఒకటే: "ఎన్ని జౌల్స్ ఇస్తే ఎముక కడుతుంది సార్?" ఆ ఒక్క అంకె పట్టుకుని పరిశోధన పేపర్ చదివితే పప్పులో కాలేసినట్టే.

పీకేసిన జ్ఞానదంతం గుజ్జులో మూలకణాలున్నాయని 2000లో, పాలపళ్లలోనూ ఉన్నాయని 2003లో తేలిందని చదివాం. 660 నానోమీటర్ల ప్రాంతపు ఎర్ర కాంతిని కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పీల్చుకుంటుందని, దాంతో కణానికి శక్తినిచ్చే ఏటీపీ పెరుగుతుందని ఎక్కువమంది చెప్పే వివరణ కూడా చూశాం. ఇక లెక్కలోకి దిగుదాం.

లేజర్ పవర్ 50 మిల్లీవాట్లు, వెలుగు పడే చోటు 0.5 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. 50ని 0.5తో భాగిస్తే చదరపు సెంటీమీటరుకు 100 మిల్లీవాట్లు, అంటే 0.1 వాట్. 40 సెకన్లు పెడితే 0.1 × 40 = చదరపు సెంటీమీటరుకు 4 జౌల్స్. ఇప్పుడు అదే లేజర్‌ను కాస్త ఎత్తి, కణాలు పెంచే 24 గుంతల ప్లేటులో ఒక గుంతంతా పరుచుకునేలా పెట్టండి. గుంత వైశాల్యం సుమారు 1.9 చదరపు సెంటీమీటర్లు. అదే 40 సెకన్లకు చదరపు సెంటీమీటరుకు అందేది ఒక జౌలు చిల్లర! పిండి అదే గరిటెడు, దోసె వెడల్పయ్యే కొద్దీ పలచబడినట్టు. అందుకే పవర్, వైశాల్యం, సమయం మూడూ రాయని పేపర్‌ను నేను పక్కన పెట్టేస్తాను.

డోసు పెంచితే ఫలితం పెరుగుతుందనీ అనుకోవద్దు. మరీ తక్కువైతే కణాలు పట్టించుకోవు, మరీ ఎక్కువైతే డీలా పడతాయి.

తర్వాత ప్లేటు ఎలా సర్దారో చూడండి. వెలుగు పక్క గుంతల్లోకి జారుతుంది కాబట్టి మధ్యలో ఖాళీ గుంతలు వదలాలి. కాంతి ఇవ్వని ప్లేటునూ అంతే సేపు ఇంక్యుబేటర్ (కణాలను వెచ్చగా ఉంచే పెట్టె) బయట ఉంచాలి. లేకపోతే తేడా కాంతి వల్ల వచ్చిందో, గది వేడి వల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు? అందులోనూ మన తిరుపతి ఎండాకాలంలో!

ఫలితాల దగ్గర అందరి కళ్లూ అలిజరిన్ రెడ్ అనే రంగు వేసి తీసిన ఫొటో మీదే పడతాయి. ఆ రంగు పట్టుకునేది కాల్షియంను. ఎముక కట్టించే మీడియంలో (కణాలు పెరిగే ద్రవంలో) ఫాస్ఫేట్ అందించే బీటా గ్లిసరోఫాస్ఫేట్ మోతాదు మించితే, కణాల ప్రమేయం లేకుండానే కాల్షియం ఫాస్ఫేట్ పేరుకోవచ్చు. చచ్చిన కణాల మీదా కాల్షియం చేరుతుంది. కాబట్టి ఎరుపుతో పాటు ఎముక కణాల గుర్తులైన రెండు ప్రొటీన్లు – మొదటి ఒకటి రెండు వారాల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఆ తర్వాత ఆస్టియోకాల్సిన్ – కూడా పెరిగాయా అని వెతకండి. ఇవన్నీ పెరిగినా అది డిష్‌లో కనబడిన మార్పే. దవడలో ఎముక పెరిగిందని అర్థం కాదు.

అభ్యాసం: పవర్ 100 మిల్లీవాట్లు. వెలుగు 1.9 చదరపు సెంటీమీటర్ల గుంతంతా సమంగా పడుతోంది. చదరపు సెంటీమీటరుకు 4 జౌల్స్ కావాలంటే ఎన్ని సెకన్లు పెట్టాలి? జవాబు 40 అని వస్తే వైశాల్యం మరిచిపోయారన్నమాట. సరైన జవాబు 4వ పాఠంలో, కణాలను ఎముక దారి పట్టించే రన్ఎక్స్2 జన్యువుతో పాటు.