పస్కాకు ముందు వంటింటి జాగ్రత్తలు

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర యూదు ఆచారాలు పాటించే బెనే ఎఫ్రాయిం అనే తెలుగు సమూహం కుటుంబాలూ యూదుల పండుగ పస్కా జరుపుకుంటాయి. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్ (ఒక రకం గోధుమ)లలో దేనితో చేసిందైనా పులిస్తే అది హమేస్. పండుగ రోజుల్లో అది ఇంట్లో ఉండకూడదు.

తెలుగు వంటింట్లో ముందు చూడాల్సింది ఇంగువ డబ్బా. పొడి ఇంగువలో చాలాసార్లు గోధుమపిండి కలుపుతారు.

బియ్యం, మినప్పప్పు విషయం ముందే తేల్చుకోండి. అష్కెనాజీలు (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదులు) సంప్రదాయంగా వాటిని మానేస్తారు. సెఫార్దీలు (స్పెయిన్, పోర్చుగల్ మూలాల యూదులు) చాలామంది బియ్యాన్ని మూడుసార్లు ఏరి వండుకుంటారు. అతిథుల ఆచారమూ అడగండి.

స్టీలు గిన్నెలు బాగా తోమి, 24 గంటలు వాడకుండా ఉంచి, తెర్లే నీళ్ళలో పూర్తిగా ముంచి, చన్నీళ్ళతో కడగాలి. పిడి సందులో జిడ్డు మిగిలితే చేసిందంతా వృథా. మట్టికుండకు ఈ పద్ధతి చెల్లదు. అది పీల్చుకున్నది బయటికి రాదు. కొత్తది కొనడమే మేలు.

మత్సా (పులియని రొట్టె) ఇంట్లో చేస్తే, పిండికి నీళ్ళు తగిలినప్పటి నుంచి కాలడం దాకా 18 నిమిషాలు దాటకూడదు. అందుకే పొయ్యి ముందే బాగా కాగి ఉండాలి. గోరువెచ్చని నీళ్ళు వద్దు, పులుపు త్వరగా ఎక్కుతుంది. రాత్రంతా నిలవుంచిన చల్లటి నీళ్ళే వాడండి. పిండిని పిసకడం మధ్యలో ఆపొద్దు.

పండుగ మొదలయ్యే రాత్రి చేసే సెదెర్ విందుకు ముందురోజు రాత్రి కొవ్వొత్తి, ఈక, చెక్క గరిటెతో హమేస్ కోసం ఇల్లంతా వెతకాలి. వెతికేటప్పుడు దొరకడానికి ముందే దాచే 10 రొట్టెముక్కలను కాగితంలో చుట్టి, చోట్లు రాసి పెట్టుకోండి. తొమ్మిదే దొరికితే మళ్ళీ వెతకాల్సిందే. దొరికిన హమేస్‌ను మర్నాడు ఉదయం కాల్చేయండి.