తుఫాను ముందు హోటల్ ఓనర్లకు, లీజుదార్లకు

వార్తల్లో మళ్లీ అల్పపీడనం మాట వినిపిస్తోంది. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం దాకా హోటళ్లు, లాడ్జీలు నడిపేవారు 2018 అక్టోబరు 11ను ఒకసారి గుర్తు చేసుకోవాలి. ఆ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. కొవ్వొత్తులు, మంచినీళ్ల సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

మనవాళ్లను ముంచేది ఒకటే తప్పు: నిర్ణయాన్ని ఫోనుకు వదిలేయడం. భవనం ఓనరు విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటారు. ఇక్కడ నడిపేది లీజుదారు. డీజిల్ ఖర్చు ఎవరిది, హోటల్ ఎప్పుడు మూయాలి అంటే ‘ఓనరు గారిని అడిగి చెబుతాం’ అంటారు. టవర్లు పడిపోయాక ఎవరిని అడుగుతారు? రేకులు లేచిపోయి పరుపుల మీద నీళ్లు కారుతుంటే, టార్పాలిన్ కొనడానికి అనుమతి రాలేదని సిగ్నల్ లేని ఫోను పట్టుకుని కౌంటరులో కూర్చున్న మేనేజరును చూశాను.

అందుకే ఇప్పుడే కాగితం రాసుకోండి. అడగకుండా ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు, మూసే అధికారం ఎవరిది, ఓనరు అందకపోతే ఎవరి మాట చెల్లుతుంది. ఇద్దరూ సంతకాలు పెట్టండి.

అద్దె సంగతీ అందులోనే తేల్చండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్, తుఫానుకో వరదకో భవనం శాశ్వతంగా పనికిరాకుండా పోతే లీజు వదులుకునే వీలు ఇస్తుంది. వారం మూతపడితే అద్దె తగ్గుతుందని అందులో లేదు. 2020 లాక్‌డౌన్‌లో చాలామంది స్నేహాలు చెడింది ఇక్కడే.

బీమా సాధారణంగా భవనానికి ఓనరు, సామానుకు లీజుదారు చేయిస్తారు. రెండు పాలసీల్లోనూ తుఫాను, వరద ఉన్నాయో లేదో చూడండి. గదుల ఫొటోలు ముందే తీసి ఇద్దరి దగ్గరా ఉంచండి.

ఇక మిగిలినవి:

జనరేటరు సెల్లారులో ఉంటే పైకి తెప్పించండి. నీళ్లొచ్చేది ముందు అక్కడికే.
డీజిల్ ముందే కొనండి, కరెంటు లేకపోతే బంకుల్లో పంపు తిరగకపోవచ్చు.
నోట్లు దగ్గర ఉంచండి.
ఫ్లెక్సీలు, బోర్డులు దింపేయండి.
బస చేసినవారి పేర్లు కాగితం మీద రాసిపెట్టండి.
పక్క హోటల్‌తో పోటీ ఆ వారానికి ఆపండి. వారికి చేతిపంపు ఉంటుంది, మీకు జనరేటరు ఉంటుంది.
గది రేటు పెంచవద్దు.
లైన్లు బాగుచేయడానికి వచ్చే కరెంటు సిబ్బందికి గదులు ముందు ఇవ్వండి. మీ వీధికి వెలుగు తెచ్చేది వారే.
పనివారిని గాలి మొదలవకముందే ఇళ్లకు పంపండి, రేకుల ఇళ్లలో ఉండేవారిని కుటుంబాలతో సహా హోటల్‌కే రమ్మనండి.
తుఫాను మధ్యలో గాలి ఆగిందని మేడ మీదికి ఎవరినీ పంపవద్దు, అది తుఫాను కన్ను అయితే మళ్లీ ఎదురు దిక్కు నుంచి కొడుతుంది.
ఫోను కోసం చూడవద్దు. కాగితంలో ఉన్నది చేయండి.
లిఫ్టును పై అంతస్తులో ఆపి దాని మెయిన్ స్విచ్ ఆపేయండి.