సైనికుల మధ్య ధ్వజాలను లెక్కపెట్టండి

రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్, అతని కొడుకుల కాలపు చిన్న కంచు నాణెంపై చక్రవర్తి పేరు అరిగిపోయి చదవడానికి వీలు కాకపోతే, దానిని తిరగేసి, ఈటెలూ డాళ్లూ పట్టుకొని ఎదురెదురుగా నిలబడిన ఇద్దరు సైనికుల మధ్య ఎన్ని ధ్వజాలున్నాయో లెక్కపెట్టండి. రెండుంటే అది సుమారు క్రీ.శ. 330–335 నాటిది, ఒక్కటే ఉంటే, నాణెం బరువు తగ్గించిన తరువాత, అంటే సుమారు 335–341 మధ్య ముద్రించినదని భావించవచ్చు. చుట్టూ ఉండే ‘గ్లోరియా ఎక్సెర్కిటూస్’ అనే లాటిన్ మాటలకు ‘సైన్యపు కీర్తి’ అని అర్థం. సైనికుల పాదాల కింది గీతకు దిగువన ఉన్న అక్షరాలు టంకశాలను తెలుపుతాయి. మట్టి పట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి; ఇత్తడి చెంబును తళతళలాడించే చింతపండు ఇక్కడ ఆకుపచ్చని పొరతోపాటు ఆ సన్నని ధ్వజాన్ని కూడా తినేస్తుంది.