చీకటి పడితే వెలిగే లైటు: ఆన్‌లైన్‌లో చేయించే పద్ధతి

తిరుపతిలో కూర్చుని కుప్పం, పలమనేరు, పుంగనూరు పిల్లల చేత సర్క్యూట్ కట్టించాలంటే సగం పని కిట్టు దగ్గరే అయిపోవాలి. క్లాసు మొదలయ్యాక మీ చెయ్యి అక్కడికి అందదు.

ఒక్కొక్కరికి 400 రంధ్రాల బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలు గుచ్చే పలక), ఎల్‌డీఆర్ (వెలుతురు పడితే నిరోధం తగ్గే భాగం) ఒకటి, స్విచ్చులా పనిచేసే బీసీ547 ట్రాన్సిస్టర్లు 2, ఎల్‌ఈడీలు 2, 470 ఓమ్‌లదీ 100 కిలో ఓమ్‌లదీ ఒక్కో రెసిస్టరు, తీగముక్కలు, 9 వోల్టుల బ్యాటరీ క్లిప్పు పెట్టండి. బ్యాటరీ వాళ్ల ఊళ్లోనే కొనుక్కోమనండి. రెసిస్టర్ల రంగు చారలను నమ్ముకోవద్దు. ఫోన్ కెమెరాలో గోధుమ, ఎరుపు కలిసిపోతాయి. విలువ రాసిన కాగితం అంటించి పంపండి. క్లిప్పు తీగల కొసలు పీచుపీచుగా ఉండి రంధ్రంలోకి దిగవు, వాటికి ముందే సోల్డర్ పట్టించాలి. ఇది మరిచారా, మొదటి అరగంట దానికే సరి.

పార్సిళ్లు వారం ముందే బయల్దేరాలి. ఆర్టీసీ కార్గోలో వేస్తే బస్టాండుకు వెళ్లి తెచ్చుకోవాల్సి రావచ్చు, పల్లెల వాళ్లకు స్పీడ్ పోస్టే నయం. బ్రహ్మోత్సవాల రోజుల్లో మాత్రం పెట్టుకోకండి, ఆ రద్దీలో పార్సిల్ ఎప్పుడు చేరుతుందో చెప్పలేం.

మీ ఫోను చేతులను పైనుంచి చూపాలి. అడుగు ఎత్తు పుస్తకాల దొంతర మీద కెమెరా అంచు దాటేలా పడుకోబెట్టి, పైన బరువు పెడితే చాలు. ముఖానికి ల్యాప్‌టాప్ కూడా వాడితే ఒకదాని మైకు, స్పీకరు రెండూ ఆపండి, లేదంటే కూత పెడుతుంది. పిల్లలు వీడియో ఎప్పుడూ పెట్టుకోనక్కర్లేదు. చాలా ఇళ్లలో డేటా రోజుకు ఇంత అని లెక్క. మీరు ఆగమన్నప్పుడు బోర్డు చూపిస్తే చాలు.

“ఎడమ”, “కుడి” అనే మాటలే వాడకండి. బోర్డు ఎటు తిప్పుకున్నారో మీకు తెలియదు. వరుస నంబర్లే చెప్పండి. ట్రాన్సిస్టర్ మూడు కాళ్లు: కలెక్టర్ 10, బేస్ 11, ఎమిటర్ 12. ట్రాన్సిస్టర్ చదును వైపు తమకేసి, కాళ్లు కిందికి పట్టుకుంటే కాళ్లు ఆ క్రమంలోనే వస్తాయి. ప్లస్ పట్టీ నుంచి 470 ఓమ్‌లు 15వ వరుసకు. ఎల్‌ఈడీ పొడుగు కాలు 15లో, పొట్టి కాలు 10లో. ప్లస్ నుంచి 100 కిలో ఓమ్‌లు 11కి, ఎల్‌డీఆర్ 11 నుంచి మైనస్‌కు, 12 నుంచి తీగ మైనస్‌కు. బ్యాటరీ అన్నిటికన్నా చివర, అదీ అందరి బోర్డులూ చూశాకే. ముందు పూర్తిచేసినవాళ్లను ఆపడం కష్టమే, అయినా ఆపాలి.

“సార్, వెలగడంలేదు” అంటే ఊహించడం మొదలుపెట్టకండి. ఎల్‌డీఆర్ పీకేయమనండి. వెలిగితే మిగతాదంతా సరే, తప్పు ఎల్‌డీఆర్ దగ్గరే. వెలగకపోతే 10, 12 వరుసలను తీగతో కలపమనండి. ఇప్పుడు వెలిగిందంటే ట్రాన్సిస్టర్ తిరగబడింది, లేదా 100 కిలో ఓమ్‌ల కాలు పక్క వరుసలో దిగింది. అప్పటికీ వెలగకపోతే 12 నుంచి మైనస్‌కు వెళ్లే తీగ ఊడిందేమో చూసి, ఎల్‌ఈడీ కాళ్లు మార్చి చూడాలి, ఆ తర్వాత బ్యాటరీ.

అసలు ఆరకపోవడం ఇంకో తంటా. ట్యూబ్‌లైటు వెలుతురు చాలక ఎల్‌డీఆర్ నిరోధం తగ్గదు, బేస్ వోల్టేజి 0.6 వోల్టుల కిందికి దిగదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లమంటే ఆరిపోతుంది. అందుకే ఈ క్లాసు పగటిపూటే పెట్టండి.